ఎపాక్సీలో నానోట్యూబ్ ఉండలు: బాత్ సోనికేటర్ చాలదు

ఎపాక్సీ రెసిన్‌లో 1 శాతం మల్టీవాల్ కార్బన్ నానోట్యూబులు (ఒకదానిలో ఒకటి ఇమిడిన పొరలున్న అతి సన్నని కార్బన్ గొట్టాలు) వేసి, బాత్ సోనికేటర్‌లో (నీళ్ల తొట్టి ద్వారా అల్ట్రాసౌండ్ పంపే యంత్రం) రెండు గంటలు ఉంచినా ఉండలు పోలేదని, బలం ఉత్త ఎపాక్సీ కన్నా తగ్గిందని మీరు రాశారు. తగ్గుతుంది మరి, పగులు మొదలయ్యేది ఆ ఉండల దగ్గరే. వాటిని విడదీయడానికి బాత్ శక్తి చాలదండీ, ప్రోబ్ సోనికేటర్ (కడ్డీని నేరుగా ద్రవంలో ముంచి అల్ట్రాసౌండ్ పంపేది) కావాలి.

ముందు 0.3 శాతానికి దిగండి. 100 గ్రాముల రెసిన్‌కి 0.3 గ్రాముల ట్యూబులు, 100 మి.లీ. అసిటోన్. ముందు ట్యూబులను అసిటోన్‌లో వేసి, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే అర), గిన్నెను ఐసులో పెట్టి, ప్రోబ్‌ను 5 సెకన్లు ఆన్, 5 సెకన్లు ఆఫ్ చొప్పున 30 నిమిషాలు నడపండి. ఇంకాసేపు ఉంచితే ఇంకా మంచిదనుకోకండి, ట్యూబులే తెగి పొట్టివవుతాయి.

తర్వాత రెసిన్ కలిపి, 70 డిగ్రీల్లో తిప్పుతూ అసిటోన్ పోగొట్టి, చివర వాక్యూమ్‌లో పెట్టండి. బరువు తగ్గడం ఆగేదాకా తూస్తూనే ఉండాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మిగిలిన అసిటోన్ ఎపాక్సీని మెత్తబరుస్తుంది.

చల్లారాకే హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచేది) కలపండి. చెన్నై ఉక్కలో అమీన్ హార్డెనర్ తేమ పీల్చి పైపొర జిగటవుతుంది, ఏసీ గదిలో పోయండి. నేరుగా ఓవెన్‌లో పెట్టొద్దు: వేడికి రెసిన్ పలచబడి ట్యూబులు మళ్లీ గుంపుకడతాయి. గది వేడిలో జెల్ అయ్యాకే పోస్ట్ క్యూర్ (ఓవెన్‌లో వేడిచేసి పూర్తిగా గట్టిపరచడం).