పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ నిజంగా మంచి గేమ్సేనా?
గ్రాఫిక్స్ ఒక్కటే చూస్తే ఫెయిలే, 2022 నవంబర్‌లో నింటెండో వాళ్ళ గేమ్ మెషీన్ స్విచ్‌లో వచ్చినప్పుడు ఫ్రేమ్‌రేట్ పడిపోయి బొమ్మ తడబడటం, దూరంగా ఉన్న మనుషులు ఆగి ఆగి కదలడం అందరూ చూసిందే. కానీ 1996 నుంచి నడుస్తున్న సిరీస్ కదా, నేను చూసేది వేరు, పోకెమాన్‌ని వెతికి పట్టుకుని టీమ్ కట్టుకోవడంలో మజా ఉందా లేదా అని, అది ఇందులో బోలెడుంది, మ్యాప్ అంతా ఓపెన్ వరల్డ్ కాబట్టి ఎటు కావాలంటే అటు పోవచ్చు, పైగా టెరాస్టల్ అనే పవర్‌తో ఫైట్ మధ్యలో పోకెమాన్ టైపే (నిప్పు, నీరు లాంటి రకం) మారిపోవచ్చు కాబట్టి ప్రతిసారీ కొత్తగా ఆలోచించాలి. నన్ను నిజంగా బాధపెట్టింది జిమ్‌లు, అంటే ఒక్కో లీడర్‌ని ఫైట్‌లో ఓడించాల్సిన చోట్లు. ఏ ఆర్డర్‌లో అయినా ఆడొచ్చు గానీ లీడర్ల పోకెమాన్ లెవెల్స్ మాత్రం ఫిక్స్‌డ్, మనతో పాటు పెరగవు, అందుకే ఒకటి మరీ కష్టం, తర్వాతది మరీ ఈజీ. అయినా సరే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను ఇదే ఆడమంటా.