సీసీ రోడ్డు శాంక్షనై ఏడాదైనా పని మొదలవలేదంటే ఎక్కడ ఆగినట్టు?

మీరడిగింది ఇదీ: వీధికి సీసీ రోడ్డు శాంక్షనైందని కౌన్సిలర్ గారు చెప్పి ఏడాది దాటింది, టెండరు కూడా అయిపోయిందంటున్నారు, ఒక్క కంకర లోడు దిగలేదు, ఎవరిని ఏమని అడగాలి అని.

ముందు ఆ "శాంక్షన్" అన్న మాట సంగతి తేల్చుకోవాలండి. వార్డు నుంచి ప్రతిపాదన వెళ్లినా శాంక్షనే అంటారు. కౌన్సిల్ తీర్మానం చేసి, ఫలానా నిధుల్లోంచి అని రాసి, పరిపాలనా అనుమతి ఇచ్చినా అదే మాట. ఎస్టిమేటు చూసి పై ఇంజనీరు సాంకేతిక మంజూరు ఇచ్చినా అదే. అగ్రిమెంటు అయ్యాకా అదే. అందుకని ఆఫీసుకు వెళ్లి "రోడ్డు ఎప్పుడేస్తారు" అని అడిగితే "త్వరలో" అన్న జవాబే వస్తుంది. "పరిపాలనా అనుమతి తేదీ ఎప్పుడు? టెక్నికల్ శాంక్షన్ అయిందా? అగ్రిమెంటు నంబరు ఎంత?" అని అడగండి. అగ్రిమెంటు నంబరు లేదంటే ఆ పనికి ఇంకా కాంట్రాక్టరే లేడన్నమాట. ఉంటే, కాంట్రాక్టరుకు సైటు ఏ రోజు అప్పగించారో అడగండి. గడువు లెక్క అక్కడి నుంచే.

ఏ నిధులన్నది కూడా అడగాలి. మున్సిపాలిటీ సాధారణ నిధుల పని పన్ను వసూళ్ల మీద ఆధారపడుతుంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటైతే (2021–26), పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసి ఉంటుంది. రోడ్డుకు మిగిలేది తక్కిన 40 శాతమే.

ఇక అసలు విషయం ఎస్టిమేటు. రోడ్డు బాగుపడేదీ, చెడేదీ చాలావరకు ఇక్కడే, టెండరుకు ముందే. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు టేపు పట్టి పొడవు, వెడల్పు కొలిచి, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక) రేట్లు వేసి, క్వారీ దూరాన్ని బట్టి లీడ్ (రవాణా ఖర్చు) కలిపి, సీనరేజి (కంకర, ఇసుకల మీద ప్రభుత్వ రుసుము), లేబర్ సెస్ 1 శాతం, జీఎస్టీ చేరుస్తారు. ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022 జులై 18 నుంచి 12 శాతం కాస్తా 18 శాతమైంది. అంతకు ముందు వేసిన ఎస్టిమేట్లన్నీ ఆ మేరకు తక్కువ పడ్డాయి.

లెక్కలో తప్పులకన్నా వదిలేసిన ఐటమ్స్‌తోనే పని ఎక్కువ చెడుతుంది. పాత రోడ్డు పగలగొట్టి ఎత్తిపోసే ఐటమ్ ఉండదు. దాంతో పాతదాని మీదే కొత్తది పోస్తారు, వీధి ఎత్తు పెరిగి వానాకాలం నీళ్లు గడప లోపలికి వస్తాయి. మ్యాన్‌హోల్ మూతలు లేపడం ఉండదు. ఇళ్ల కుళాయి పైపులు మార్చడం ఉండదు. కరెంటు స్తంభం జరపాలంటే విద్యుత్ సంస్థకు డబ్బు కట్టాలి, అది ఎవరు కడతారో రాయరు. ఇవన్నీ పని మధ్యలో "ఎక్స్‌ట్రా ఐటమ్" అయి, సవరించిన ఎస్టిమేటు మళ్లీ పైకి వెళ్లి నెలల తరబడి ఆగుతుంది. కాబట్టి ఎస్టిమేటు దశలోనే ఏఈ గారిని వీధిలో నిలబెట్టి ఈ నాలుగూ చూపించండి. ఇంకోటి: డ్రైనేజీ గానీ, అమృత్ (కేంద్ర పట్టణ పథకం) కింద నీటి పైపు గానీ ఆ వీధికి రావాల్సి ఉందేమో కనుక్కోండి. రావాల్సి ఉంటే రోడ్డు ఆలస్యమవడమే మేలు. లేదంటే కొత్త రోడ్డును మూడు నెలలకే కోస్తారు, ఆ కోత పూడ్చిన చోట మళ్లీ కుంగుతుంది.

టెండరు ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో పిలుస్తారు. చిన్న మొత్తాల పనులు టెండరు లేకుండా నామినేషన్ మీద ఇస్తారు. ఒకే వీధి రోడ్డును మూడు ముక్కలు చేశారంటే దానికోసమేమో అని అనుమానించాల్సిందే. టెండరులో కాంట్రాక్టరు రేటు రాయడు. అంచనా కాంట్రాక్టు విలువ మీద ఇంత శాతం ఎక్సెస్ (ఎక్కువ) అనో, ఇంత లెస్ (తక్కువ) అనో వేస్తాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జులైలో వచ్చిన జీవో 94 ప్రకారం 5 శాతం దాటిన ఎక్సెస్ చెల్లదు. బిడ్‌తో 1 శాతం, అగ్రిమెంటప్పుడు 1.5 శాతం ధరావతు (డిపాజిట్). బిల్లుల్లోంచి 7.5 శాతం పట్టి ఉంచుతారు. అంచనా విలువకన్నా 25 శాతానికి మించి తగ్గించి వేస్తే ఆ తేడాకు అదనపు గ్యారంటీ కట్టాలి. తర్వాత మార్పులు వచ్చాయి కాబట్టి మీ పని టెండరు షెడ్యూల్లో ఏముందో అదే చూసుకోండి.

అంకెల్లో చెప్తే: 10 లక్షల పనిని 30 శాతం లెస్‌కు వేస్తే 7 లక్షలు. 25 శాతం హద్దు 7.5 లక్షలు. అంటే 50 వేలకు అదనపు గ్యారంటీ. ఇప్పుడు ఇది చూడండి. ఎస్‌ఎస్‌ఆర్ రేట్లలో కాంట్రాక్టరు ఖర్చులు, లాభం కలిపి 13.615 శాతం ముందే వేసి ఉంటుంది. 10 లక్షల్లో అది దాదాపు 1.2 లక్షలు. అతను వదులుకున్నది 3 లక్షలు. లాభమంతా వదిలేసినా ఇంకో 1.8 లక్షలు ఎక్కడినుంచో రావాలి. కొన్ని ఐటమ్స్‌కు మార్కెట్ ధర తక్కువుండి కొంత సర్దుకుంటుంది, మిగతాది సిమెంటు, మందం, క్యూరింగ్‌లలోంచే పోతుంది. "మున్సిపాలిటీకి 30 శాతం మిగిలింది" అని సంబరపడే లెక్క కాదు ఇది.

దీనికి ఎదురు సమస్య ఒక్క బిడ్డూ రాకపోవడం. పాత బిల్లులు నిలిచిపోయిన ఊళ్లో కొత్త పనికి ఎవరూ ముందుకు రారు. మొదటి పిలుపు, రెండో పిలుపు ఖాళీగా పోతాయి. "టెండరు అయిపోయింది" అంటే టెండరు పిలవడం అయిపోయిందనే కావచ్చు. మీ పని ఇక్కడే ఆగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది. ఎన్ని బిడ్లు వచ్చాయో ఆ టెండరు నంబరుతో తెలుసుకోవచ్చు.

పని మొదలయ్యాక మీరే చేయగల లెక్క ఒకటుంది. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 60 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. మిక్సర్ లారీకి 6 క్యూబిక్ మీటర్లు లెక్కేస్తే 10 లారీలు రావాలి. ఏడే వచ్చాయంటే మందం 10.5 సెంటీమీటర్లే. ప్రతి లారీ చలానాకు ఫోటో తీసి పెట్టుకోండి. రోడ్డు అంచు చూసి మందం నమ్మవద్దు. అంచున 15 ఉంచి మధ్యలో నేలను ఉబ్బెత్తుగా వదిలేస్తారు. కాంక్రీటు పోయకముందే ఒక పక్క సెంట్రింగు పైనుంచి రెండో పక్కకు దారం బిగించి, మధ్యలో దారం నుంచి నేలకు కొలవండి.

డ్రైవరు లారీలో నీళ్లు పోస్తుంటే ఆపించండి. సులువుగా జారుతుంది గానీ బలం పోతుంది. మరుసటి రోజుకల్లా కటింగ్ మిషన్‌తో నాలుగు మీటర్లకు మించకుండా జాయింట్లు కోయాలి, 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతు. ఆలస్యమైతే రోడ్డు తనకు తోచిన చోట చీలుతుంది. మట్టి కట్టలు కట్టి 14 రోజులు నీళ్లు నిలపాలి. బలం పరీక్షకు పోసే కాంక్రీటు క్యూబుల విషయానికొస్తే, ఐఎస్ 456 ప్రకారం 60 క్యూబిక్ మీటర్లకు 5 శాంపిళ్లు, ఒక్కోదానికి 3 క్యూబులు. ఎం20 అని రాసుంటే 28 రోజుల బలం చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు రావాలి.

బిల్లు నడిచేది ఎం-బుక్ (కొలతల పుస్తకం) మీద. ఏఈ కొలతలు రాస్తారు, ఆయన పై ఇంజనీరు డీఈ చెక్ మెజర్‌మెంట్ చేస్తారు. సమాచార హక్కు చట్టం 2(జె) కింద పనిని తనిఖీ చేయడానికి, సామగ్రి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి కూడా మీకు హక్కుంది. చాలామంది కాగితాలే అడుగుతారు. పది రూపాయల దరఖాస్తుతో ఎస్టిమేటు, అగ్రిమెంటు, మీ వీధి ఎం-బుక్ పేజీలు, క్యూబు ఫలితాలు పేరుపేరునా అడగండి. జవాబుకు 30 రోజులు. పని పూర్తయిన తేదీ కూడా రాతపూర్వకంగా తీసుకోండి. లోపాలు సరిచేసే బాధ్యత కాంట్రాక్టరుకు సాధారణంగా రెండేళ్లు ఉంటుంది. పగుళ్ల ఫోటోలు, తేదీలతో అర్జీ ఆ రెండేళ్లు నిండకముందే, పట్టి ఉంచిన డిపాజిట్ వెనక్కి వెళ్లకముందే కమిషనర్ గారికి చేరాలి. రసీదు మీ దగ్గర ఉంచుకోండి.