థైరాయిడ్ మాత్రతో కిడ్నీలు పాడవవు... జాగ్రత్త పడాల్సింది నొప్పి మాత్రలతో!

ప్రశ్న: నా వయసు 34. పలాస దగ్గర పల్లెటూరు మాది. జీడిపప్పు పరిశ్రమలో పనికి వెళ్తాను. ఏడాది క్రితం టీఎస్‌హెచ్ 18, యాంటీ టీపీఓ 600 పైన ఉన్నాయని డాక్టరు గారు 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర రాశారు. మా మామగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ చేయిస్తున్నాం. జీవితాంతం మాత్రలు మింగితే నాకూ అదే గతి పడుతుందని అందరూ అనడంతో మూడు నెలలుగా మానేశాను. ఇప్పుడు ఒళ్లంతా నొప్పులు, నీరసం, జుట్టు రాలిపోతోంది. టీఎస్‌హెచ్ 26కి చేరింది. యాంటీబాడీలు తగ్గే మందు ఉందా? మా పన్నెండేళ్ల పాపకూ ఇది వస్తుందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఉంటూ, ఇంట్లోనే డయాలసిస్ కష్టం చూస్తూ, మాత్రలంటే మీరు భయపడ్డారంటే తప్పుపట్టలేను. కానీ అమ్మా, మీరు భయపడాల్సిన మాత్ర ఇది కాదు.

మీకున్నది హషిమోటో థైరాయిడైటిస్. 1912లో దీన్ని మొదట వివరించిన జపాన్ డాక్టరు హకారు హషిమోటో పేరే దీనికి పెట్టారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరబడి థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తుంది. ఆ దాడికి గుర్తుగా రక్తంలో కనిపించే యాంటీబాడీలే యాంటీ టీపీఓ. గ్రంథి మెల్లమెల్లగా దెబ్బతిని హార్మోన్ తయారీ తగ్గిపోతుంది. అప్పుడు గ్రంథిని ఇంకా పనిచేయమని పురిగొల్పే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. మాత్రలో ఉన్నది ఆ హార్మోనే. ఒంట్లో తక్కువైనది బయటినుంచి ఇస్తున్నాం, అంతే. సరైన మోతాదులో వాడితే కిడ్నీలకు హాని చేయదు. పైగా ఈ హార్మోన్ బాగా తగ్గితేనే కిడ్నీల వడపోత మందగించి క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) రక్తంలో కాస్త పెరగవచ్చు. మాత్ర సరిగా వాడితే అది చాలామందిలో మళ్లీ దిగుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఒళ్లునొప్పుల మాట. థైరాయిడ్ మాత్ర మానేస్తే నొప్పులు పెరుగుతాయి. పని మానుకోలేక మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుంటారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి తరచూ వాడితే కిడ్నీలను దెబ్బతీస్తాయి. మంచి చేసే మాత్ర మానేసి చెడు చేసే మాత్ర అలవాటు చేసుకున్నవాళ్లు ఉన్నారు. మీరు అవి వాడుతున్నదీ లేనిదీ రాయలేదు. వాడుతుంటే ఈరోజే ఆపండి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఫలానా ఒక్కటే కారణమని ఇంతవరకు తేలలేదు, తొలి దశలో అది బయటపడదు కూడా. కాబట్టి థైరాయిడ్ సంగతి ఎలా ఉన్నా, ఏటా ఒకసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి.

వెంటనే మీ డాక్టరును కలిసి మాత్ర మళ్లీ మొదలుపెట్టండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, టీ అయినా టిఫిన్ అయినా అరగంట నుంచి గంట తర్వాతే. తెల్లారకుండానే పనికి వెళ్లే మీకు అది కుదరకపోతే, రాత్రి భోజనం అయిన మూడు గంటలకు వేసుకోవచ్చు. ఏదో ఒక వేళ ఎంచుకుని రోజూ దానికే కట్టుబడి ఉండండి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్రల డబ్బాను పొయ్యి వేడి తగిలే చోట పెట్టకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూపించండి. అంతకుముందే చేయిస్తే సరైన లెక్క తెలియదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు. జుట్టు మళ్లీ ఒత్తుగా రావడానికి కొన్ని నెలలు పడుతుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

టీఎస్‌హెచ్ సర్దుకున్నాక కూడా నీరసం వదలకపోతే వెంటనే థైరాయిడ్ మోతాదు పెంచమని అడగకండి. హిమోగ్లోబిన్, బీ12 చూపించండి. హషిమోటో ఉన్నవాళ్లలో బీ12 లోపం కూడా కనిపిస్తుంటుంది.

యాంటీబాడీలను తగ్గించడానికంటూ డబ్బు ఖర్చు పెట్టకండి. వాటిని పోగొట్టే నమ్మకమైన మందు లేదు. ఒకసారి ఉన్నాయని తేలాక యాంటీ టీపీఓ పరీక్ష మళ్లీ మళ్లీ అక్కర్లేదు, 600 ఉన్నా 300 ఉన్నా చికిత్స మారదు. తిండి విషయంలోనూ భయం వద్దు, క్యాబేజీ ఉడికించి మామూలుగా తినవచ్చు. సముద్రపు చేపలు మానక్కర్లేదు. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పండి. గర్భం నిలిచిన తొలి వారాల్లోనే మోతాదు పెంచాల్సి వస్తుంది, అప్పుడు మాత్ర ఆపితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

పాప విషయానికొస్తే, ఈ జబ్బు కుటుంబాల్లో కనిపించేదే, ముఖ్యంగా ఆడవాళ్లలో. అయినా తల్లికి ఉన్నంత మాత్రాన కూతురికి వచ్చి తీరుతుందని లేదు. ఎత్తు పెరగడం ఆగినా, మెడ ముందు వాపు కనిపించినా, చదువులో మందకొడిగా మారినా, నెలసరి సరిగా రాకపోయినా టీఎస్‌హెచ్ చేయించండి. థైరాయిడ్ భయంతో ఇంట్లో అయోడిన్ ఉప్పు మానేసి నౌపడ వైపు నుంచి వచ్చే కల్లుప్పుకు మారిపోకండి. ఎదిగే పిల్లకు అయోడిన్ కావాలి, కూరలో వేసుకునేంత ఉప్పు మీకూ ఏమీ చేయదు.