మిశ్రమం పలచబడితే ఎంజీబీ ఇంజిన్‌కు ఏమవుతుంది?

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో, ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఇంజిన్ పాడవుతుందా అని అడిగారు. పాడవుతుంది, కానీ ఎప్పుడన్నదే ముఖ్యం. సమవేగంతో తేలికగా సాగుతున్నప్పుడు కొద్దిపాటి లోటును ఇంజిన్ తట్టుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు గాలి 12.5 నుంచి 13 వంతులే ఉండాలి. గాలి బాగా ఎక్కువైతే వేడి పెరిగి, ఇంకా మండకుండా మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. పిస్టన్ తల కరిగి రంధ్రం పడవచ్చు, ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోవచ్చు. టకటక శబ్దం వినిపిస్తే దయచేసి వెంటనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి.

జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు) సరిచేసే ముందు, పెట్రోలును గాలితో కలిపే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ల థ్రాటిల్ షాఫ్టులు (గాలి దారిని తెరిచే పలక ఇరుసులు) అరిగాయేమో, మానిఫోల్డ్ (మిశ్రమాన్ని ఇంజిన్‌కు చేర్చే గొట్టం) గాస్కెట్ దగ్గర గాలి చొరబడుతోందేమో చూడండి. కార్బురేటర్ పైభాగంలో ఉండే డ్యాష్‌పాట్‌ అనే గదిలో నూనె లేకపోయినా వేగం పెంచే క్షణంలో మిశ్రమం పలచబడుతుంది. చాలా తేలికగా మరచిపోయే విషయం ఇదే.