ఇటలీ రైళ్లు: కంపెనీ కన్నా టికెట్ రకం చూడండి

ప్రశ్న: నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు (11, 7 ఏళ్లు) ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఇటలీ వెళ్తున్నాం. మిలన్‌లో దిగి అదే రోజు వెనిస్, తర్వాత ఫ్లోరెన్స్, రోమ్. ట్రెనిటాలియా, ఇటాలో రెండింట్లో ఏది చవక? ఒక దాన్నే పట్టుకుని టికెట్లన్నీ ఇప్పుడే కొనేయొచ్చా?

జవాబు: ఒకే కంపెనీకి కట్టుబడాల్సిన పని లేదండీ. ట్రెనిటాలియా ప్రభుత్వ సంస్థ. ఇటాలో 2012లో వచ్చిన ప్రైవేటు సంస్థ. రెండూ అవే హైస్పీడ్ పట్టాల మీద దాదాపు అదే వేగంతో నడుస్తాయి. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కు ఎందులో వెళ్లినా గంటన్నర. విమాన టికెట్లలాగే ఛార్జీ రోజురోజుకూ మారుతుంది కాబట్టి, ఒక్కో ప్రయాణానికి రెండు యాప్‌లూ తెరిచి, ఏది తక్కువైతే అది తీసుకోండి.

అసలు డబ్బు పోయేది టికెట్ రకం దగ్గర. ట్రెనిటాలియా వాళ్ల హైస్పీడ్ రైళ్లైన ఫ్రెచ్చారొస్సాల్లో బేస్, ఎకానమీ, సూపర్ ఎకానమీ అని మూడు ధరలు కనిపిస్తాయి. సూపర్ ఎకానమీ అన్నిటికన్నా చవక, కానీ మార్చుకోవడం లేదు, రిఫండ్ లేదు. బేస్ టికెట్‌ను రైలు బయలుదేరేలోపు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

మిలన్‌లో దిగే రోజునే మీరు వెనిస్ రైలు ఎక్కాలి. విమానం రెండు గంటలు ఆలస్యమైనా, లగేజీ రావడం లేటైనా సూపర్ ఎకానమీ టికెట్లు నాలుగూ గంగలో కలిసినట్టే. ఆ ఒక్క రోజుకు బేస్ కొనండి. వెనిస్–ఫ్లోరెన్స్, ఫ్లోరెన్స్–రోమ్‌లకు మాత్రం హోటల్ తేదీలు ఖాయమయ్యాక, చవక టికెట్లు ముందే కొనేయండి. అవి పరిమితంగానే ఉంటాయి, ఆలస్యం చేస్తే దొరకవు.

పిల్లల విషయంలో ఒక లెక్క ఉంది. చాలామంది దీన్ని చూడరు. ట్రెనిటాలియాలో 'బింబి గ్రాతిస్' అనే ఆఫర్ కింద, రెండు నుంచి ఐదుగురు ఉన్న కుటుంబంలో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ ఉచితం, పెద్దలు బేస్ ధర కట్టాలి. ఊరికే లెక్క కోసం బేస్ 50 యూరోలు, ఎకానమీ 30 అనుకుందాం. ఎకానమీలో నలుగురికీ 120 అవుతుంది. ఈ ఆఫర్‌లో ఇద్దరికే కట్టి 100తో వెళ్తారు. అదే సూపర్ ఎకానమీ 20కే దొరికితే నలుగురికీ 80, అప్పుడు అదే నయం. కాబట్టి తలసరి ధర కాదు, నలుగురి మొత్తం చూసి పోల్చండి. ఇటాలోలోనూ కుటుంబాలకు ఇలాంటి ఆఫర్ ఉంటుంది. రెండు చోట్లా ఆ సీట్లు కొన్నే.

ఫ్లోరెన్స్ నుంచి పీసా వెళ్లే ఆలోచన ఉంటే దానికి ముందస్తు బుకింగ్ అనవసరం. రీజనల్ రైలుకు ధర ఎప్పుడు కొన్నా ఒకటే, ప్రయాణం గంట. కాగితం టికెట్ కొంటే మాత్రం ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గరి మెషీన్‌లో స్టాంపు వేయించుకోండి, లేకపోతే జరిమానా పడుతుంది.

స్టేషన్ పేరూ చూసుకోండి. మెస్త్రే అని ఉంటే అది నీటి మధ్య వెనిస్ కాదు, ఇవతలి గట్టు. మీ హోటల్ పాత ఊళ్లో ఉంటే సాంతా లూచియాకు తీసుకోండి.

ఇక చెల్లింపు. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ లావాదేవీకి బ్యాంకులు చాలావరకు 2 నుంచి 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము) వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. మార్కప్ లేని కార్డు ఉంటే అదే వాడండి. చెల్లించేటప్పుడు 'రూపాయల్లో కడతారా, యూరోల్లోనా' అని అడిగితే యూరోలే ఎంచుకోండి, రూపాయలంటే మారకం రేటు సాధారణంగా మనకు నష్టంగానే ఉంటుంది. మధ్యవర్తి సైట్లలో కొంటే చాలాచోట్ల బుకింగ్ ఫీజు పడుతుంది. నేరుగా కంపెనీ యాప్‌లోనే కొనండి. సమ్మె వచ్చి రైలు రద్దయినా రిఫండ్ అడగడం అక్కడే తేలిక, ఇటలీలో రైల్వే సమ్మెలు అరుదేమీ కాదు.