కాన్పు తర్వాత పాలు పడలేదు, నెలసరి రాలేదు.. ఇది టెన్షనేనా?

ప్రశ్న: నా వయసు 36. ఏడేళ్ల కిందట రెండో కాన్పులో విపరీతంగా రక్తం పోయింది. బీపీ పడిపోతే నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించారు. గర్భసంచి తీయలేదు. బాబుకు పాలు పడలేదు, ఆ తర్వాత నెలసరి కూడా రాలేదు. ఎప్పుడూ నీరసం, చలి. పోయిన నెల వాంతులై స్పృహ తప్పితే, సోడియం తగ్గిందని సెలైన్ పెట్టి పంపించారు. థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్) నార్మల్‌గానే ఉంది. ఇదంతా టెన్షన్ వల్లేనంటున్నారు. నిజమేనా?

జవాబు: ఏడేళ్లుగా నెలసరి రాకపోతే దాన్ని టెన్షన్ ఖాతాలో వేయకూడదు. మీరు రాసినవాటిలో నాకు ముఖ్యంగా అనిపించింది పాలు పడకపోవడం. విపరీతమైన రక్తస్రావం, పాలు పడకపోవడం, నెలసరి ఆగిపోవడం.. ఈ మూడూ ఒకరిలోనే కనిపిస్తే ముందుగా షీహన్ సిండ్రోమ్‌ను, అంటే కాన్పులో రక్తం బాగా పోయి పిట్యూటరీ గ్రంథి దెబ్బతినే జబ్బును అనుమానించాలి. షీహన్ అనే వైద్యుడు 1937లోనే దీన్ని వివరించారు.

మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. గర్భిణుల్లో ఇది పెద్దదవుతుంది, రక్తం అవసరమూ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే బీపీ పడిపోతే రక్తం అందక గ్రంథి ముందు భాగం దెబ్బతింటుంది. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు పనిచేయాలని ఆదేశాలిచ్చేది ఆ భాగమే. పాలు పట్టించే ప్రొలాక్టిన్ కూడా అక్కడి నుంచే రావాలి. లక్షణాలు ఒక్కొక్కటిగా, నెమ్మదిగా బయటపడతాయి. అందుకే చాలామందిలో జబ్బు తేలేసరికి ఏళ్లు గడిచిపోతాయి. బాలింత నీరసమేలే అని ఇంట్లోవాళ్లూ, నిజం చెప్పాలంటే మా డాక్టర్లమూ సరిపెట్టుకుంటుంటాం.

ఇక టీఎస్‌హెచ్ సంగతి. థైరాయిడ్‌కు ఆదేశమిచ్చే ఈ హార్మోన్ పిట్యూటరీ నుంచే వస్తుంది. ఆ గ్రంథే దెబ్బతిన్నప్పుడు థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపించవచ్చు. కాబట్టి ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) కూడా చూడాలి. దాంతోపాటు ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్), ఇంకా ప్రొలాక్టిన్, నెలసరికి సంబంధించిన ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్ హార్మోన్లు, సోడియం, షుగర్ పరీక్షలు, పిట్యూటరీ ఎమ్మారై అవసరమవుతాయి. ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్య నిపుణులను) కలవండి. కాన్పు నాటి డిశ్చార్జి కాగితాలుంటే తప్పక తీసుకెళ్లండి.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. ఫ్రీ టీ4 తగ్గిందని ఎవరైనా వెంటనే థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర రాస్తే, కార్టిసాల్ చూశారా అని అడగండి. అది తక్కువగా ఉంటే ముందు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ లోటు తీర్చే మందు) మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాక్సిన్ ఇవ్వాలి. వరస తప్పితే ప్రాణం మీదికి రావచ్చు. మీ సోడియం తగ్గడానికీ, స్పృహ తప్పడానికీ కార్టిసాల్ లోపమే కారణమై ఉండొచ్చని నా అనుమానం. ఈలోగా మళ్లీ వాంతులు, కళ్లు తిరగడం, మగత వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, కాన్పులో జరిగిందంతా చెప్పండి.

జబ్బు నిర్ధారణైతే మాత్రలు సాధారణంగా జీవితాంతం వాడాలి. నెలసరికి వేరే హార్మోన్లు ఇస్తారు, ఎముకల బలానికీ అవి అవసరమే. జ్వరం వచ్చినప్పుడు హైడ్రోకార్టిసోన్ డోసు ఎంత పెంచాలో, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ ఎలా తీసుకోవాలో మొదటి రోజే డాక్టర్‌ను అడిగి రాయించుకోండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. మందులు సరిగ్గా కుదిరితే నీరసం, చలి చాలావరకు తగ్గుతాయి, హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే తేడా తెలిసేవాళ్లూ ఉంటారు.