మార్కెట్ కోలుకునే దాకా అమ్మ మోకాలి ఆపరేషన్ ఆపాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు ఉద్యోగం, వయసు 41. మా అమ్మకు 66. కుడి మోకాలు మార్చాల్సిందేనని డాక్టరు చెప్పారు, 2.8 లక్షలు అవుతుందట. ఆఫీసు ఇన్సూరెన్సులో అమ్మ పేరు లేదు. బ్యాంకులో 60 వేలున్నాయి. మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్ (మధ్యస్థ, చిన్న కంపెనీల షేర్లలో పెట్టే) మ్యూచువల్ ఫండ్లలో 9.8 లక్షలు పెడితే ఇప్పుడు 9 లక్షలే చూపిస్తోంది. నష్టానికి అమ్మడం ఇష్టం లేక ఆరు నెలలు ఆగుదామంటున్నాను, నా భార్య ఒప్పుకోవడం లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు, రోజుకు పదిహేనుసార్లు యాప్ చూస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మేయండి. మీ ఆవిడ చెప్పిందే సరైన మాట. అంతా అక్కర్లేదు, ఆపరేషన్‌కీ ఆ తర్వాత ఫిజియోథెరపీకీ కలిపి ఓ మూడు లక్షలు తీస్తే చాలు. బ్యాంకులో ఉన్న 60 వేలు మాత్రం కదపకండి.

మీ కళ్ల ముందు 80 వేల నష్టం కనబడుతోంది కాబట్టి చేయి ఆడటం లేదు. కానీ మూడు లక్షలు తీస్తే ఆ 80 వేలలో దాని వాటాకు వచ్చే నష్టం సుమారు 27 వేలు. అంటే ఆ 27 వేలు వెనక్కి వస్తాయేమో అన్న ఆశతో అమ్మగారు ఆరు నెలలు గోడ పట్టుకుని నడవాలి, అదీ మార్కెట్ పెరిగితేనే. ఇంకా పడితే అప్పుడేం చేస్తారు, మరో ఆరు నెలలా? ఇంకోలా ఆలోచించండి: ఈ మూడు లక్షలు ఇవాళ మీ చేతిలో నోట్లుగా ఉంటే, ఆపరేషన్ వాయిదా వేసి వాటిని తీసుకెళ్లి స్మాల్‌క్యాప్ ఫండ్‌లో పెడతారా? పెట్టరు కదా. అమ్మకుండా ఆగడమంటే సరిగ్గా ఆ పనే చేయడం.

మీ నిద్ర సంగతి కూడా నేను తేలిగ్గా తీసుకోను. ఎంగెల్‌బర్గ్, పార్సన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కాలిఫోర్నియా ఆసుపత్రుల్లో 1983 నుంచి 2011 దాకా రోజువారీ చేరికల లెక్కలు తీసి మార్కెట్‌తో పోల్చి చూశారు, 2016లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో అచ్చయింది. షేర్లు బాగా పడిన రోజుల్లో ఆసుపత్రిలో చేరేవాళ్లు పెరిగారు, ముఖ్యంగా ఆందోళన, పానిక్ లాంటి మానసిక సమస్యలతో, అదీ చాలావరకు అదే రోజు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 13 శాతం పడినప్పుడు నాకు ఫోన్ చేసినవాళ్ల గొంతులు ఇంకా గుర్తున్నాయి, సగం మంది డబ్బు గురించి కాదు, గుండె దడ గురించి చెప్పారు. కాబట్టి మీరు పిరికివాళ్లేం కాదు. మందులకు, ఆపరేషన్లకు కావాల్సిన డబ్బు మార్కెట్లో ఇరుక్కుంటే ఎవరికైనా అంతే.

ఇంకో పరిశోధన మీకు నేరుగా పనికొస్తుంది. గోల్డ్‌మన్, మేస్టాస్ అమెరికాలో 65 దాటినవాళ్లను చూశారు. అక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నా కొంత ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి, ఆ లోటు తీర్చే అదనపు బీమా ఉన్నవాళ్లు లేనివాళ్ల కన్నా షేర్ల వంటి రిస్కున్న వాటిలో ఎక్కువ డబ్బు పెట్టగలిగారు. ఆసుపత్రి బిల్లు భయం తగ్గితే మార్కెట్ ఒడుదొడుకులు తట్టుకునే ఓపిక వస్తుంది. మీరు ముందు ఫండ్లు కొన్నారు, బీమా సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే, ఈ వరస మార్చాలి.

ఇక పని. ఏడాది దాటిన యూనిట్లే తీయండి, ఏడాది లోపువైతే చాలా ఫండ్లలో ఒక శాతం ఎగ్జిట్ లోడ్, అంటే ముందే తీసినందుకు కోత, పడుతుంది. రిడీమ్ (యూనిట్లు అమ్మే ఆర్డరు) పెట్టిన రెండు మూడు పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. వచ్చిన నష్టం ఊరికే పోదు: గడువులోగా ఐటీ రిటర్ను వేస్తే ఆ దీర్ఘకాలిక నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా దీర్ఘకాలిక లాభాల్లో తగ్గించి చూపించుకోవచ్చు.

ఆసుపత్రిలో ఎస్టిమేట్ అడిగేటప్పుడు ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు) ధర విడిగా రాయించుకోండి. మోకాలి ఇంప్లాంట్లకు కేంద్రం 2017 ఆగస్టులో ధర పరిమితి పెట్టింది, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. తర్వాత సవరించారు కాబట్టి ఇప్పటి పరిమితి ఎంతో అడగండి, అడగడానికి మొహమాటపడకండి. మీకు రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం సాయానికి ఉండే ఆరోగ్యమిత్రను ఒకసారి కనుక్కోండి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు.

అమ్మగారి పేరున ఇప్పుడు పాలసీ తీసుకున్నా ఈ ఆపరేషన్‌కి డబ్బు రాదు. ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, పెట్టొచ్చు, కీళ్ల మార్పిడికి మామూలుగా రెండేళ్లు ఉంటుంది. అయినా తీసుకోండి, రేపు గుండెకో కిడ్నీకో వస్తే అది ఆదుకుంటుంది. 65 దాటితే పాలసీ ఇవ్వరనేది పాత మాట, 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు గీత లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. ప్రపోజల్ ఫారంలో మోకాలితో సహా అన్నీ రాయండి, షుగర్, బీపీ ఉంటే దాచవద్దు, ఏజెంటు వద్దన్నా సరే రాయండి. దాచి క్లెయిమ్ పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను, చాలా బాధేస్తుంది.

మీకూ పిల్లలకూ ఆఫీసు పాలసీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. విడిగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ, చూడండి.

మిగిలిన ఆరు లక్షలూ ఈ నెల ముట్టుకోవద్దు, యాప్ ఫోన్లోంచి తీసేయండి. ముందు డాక్టరు దగ్గర తేదీ తీసుకోండి. అమ్మగారు ఇంటికొచ్చి నాలుగు అడుగులు వేశాక మళ్లీ రాయండి, ఆ ఆరులో ఎంత స్మాల్‌క్యాప్‌లో ఉంచాలో, ఎంత ఎఫ్‌డీకి మార్చాలో అప్పుడు చూద్దాం.